కాళ్ళు నేర్చిన పని

మధ్యాహ్నం ఒంటిగంటకు మేరు కేంద్రంలో అందరికీ ఒక్కసారే ఆకలవుతుంది. డాక్టర్లు, నర్సులు, యంత్రాలు నడిపే పిల్లలు అందరూ కింది క్యాంటీన్‌కు దిగిపోతారు. గంటసేపు మూడో అంతస్తులో రోగులూ వాళ్ళ మనుషులూ తప్ప ఎవరూ ఉండరు. ఆ గంట కోసం అండాలు పొద్దుటి నుంచి కాచుకుని కూర్చునేది.

తలుపు దగ్గరికి వేసి, మంచం కింది గోనెసంచిలోంచి మోకు తీసేది. తాటిచెట్టు ఎక్కేవాడు చెట్టునూ తన నడుమునూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు అది. మొగుణ్ణి చక్రాల కుర్చీలోంచి చాప మీదికి దింపి, గది మూలనున్న గుండ్రటి సిమెంటు స్తంభం చుట్టూ మోకు తిప్పి అతని నడుముకు బిగించేది. రెండు పాదాలనూ కలిపి ఒక చిన్న తాడు బందం తగిలించేది. ఆ పాదాలను స్తంభానికి ఆనించి, రెండింటినీ ఒకేసారి పైకి తోసేది. పర్వతాలు గౌడ్ వెనక్కి వాలి చేతులతో మోకును పైకి ఎగరేసేవాడు. చేతులకేం కాలేదు, అవి మునుపటిలాగే ఉన్నాయి.

"బావికాడిది," అనేది అండాలు.

"ఎక్కిన," అనేవాడు పర్వతాలు.

"జంటల పెద్దది."

"ఎక్కిన."

"వంకరది."

ఆ పేరు దగ్గర ఇద్దరూ ఒక్క క్షణం ఆగేవాళ్ళు. "దాన్ని గూడ ఎక్కిన, పా," అనేవాడు అతను.

గుండ్లబావి ఊళ్ళో పర్వతాలు వంతుకు వచ్చినవి ముప్ఫై రెండు చెట్లు. ప్రతిదానికీ ఒక పేరుంది. స్తంభం మీద అతను ఎక్కే ఎత్తు జానెడు. అయినా ముప్ఫై రెండూ ఎక్కేదాకా అండాలు వదిలేది కాదు. ఎక్కడం పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెమటలు పట్టేవి. అప్పుడు మోకు సంచిలోకి పోయేది, అండాలు తలుపు తీసి, ఏమీ ఎరగనట్టు సద్దిడబ్బా విప్పేది.

కిందటేడు వేసవిలో పర్వతాలు ఆ వంకర చెట్టు మీంచే పడ్డాడు. పొద్దున్నే కల్లు దింపడానికి ఎక్కి, నలభై అడుగుల మీద మోకు మార్చుకునే చోట జారాడు. పెద్దాసుపత్రిలో ఫోటోలు తీసి, వెన్నుపాము తెగింది, నడుము కింద ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషికి ఆ మాట అంత సులువుగా ఎలా చెప్పారో అండాలుకు ఇప్పటికీ అర్థం కాదు. ఆర్నెల్లు గడిచాక ఎవరో పేపరు ముక్క తెచ్చిచ్చారు. హైదరాబాదు శివార్లలో డాక్టర్ చక్రపాణి అనే ఆయన, మనిషి ముక్కులోంచి కణాలు తీసి వెన్నులో నాటుతున్నాడట.

ముక్కు లోపల బాగా పైన, వాసన పట్టే చోట, మనిషి బతికినన్నాళ్ళూ కొత్త నరాలు పుడుతూనే ఉంటాయి. ఒంట్లో అలాంటి చోటు మరొకటి లేదంటే లేదనే చెప్పాలి. అక్కడి కణాలను గాజు గిన్నెల్లో పెంచి, తెగిన వెన్నుపాము సందులో నాటితే, ఆ చివరకూ ఈ చివరకూ దారి వేస్తాయి. చక్రపాణి చెప్పినది ఇంతే. కానీ పర్వతాలు ముక్కులోకి గొట్టం పెట్టి చూసినవాళ్ళు పెదవి విరిచారు. ఇరవై ఏళ్ళుగా పీల్చిన ముక్కుపొడి లోపలి పొరనంతా మాడ్చేసింది.

"నా ముక్కుల నుంచి తీస్కోండ్రి," అంది అండాలు.

చక్రపాణి ఆమెను మొదటిసారి సరిగ్గా చూశాడు. రక్తాలు పరీక్ష చేయించాడు. భార్య కణాలు భర్త ఒంటికి పొసగడం లక్షలో ఒక మాట అని అక్కడున్నవాళ్ళందరూ సందేహించారు, పొసగనివాటిని పొసగేలా చేసే మందు తన దగ్గరుందని చక్రపాణి నవ్వాడు. తీశారు. పది రోజులకు ముక్కులోని దూది పీకేశాక అండాలు టీ గ్లాసు పట్టుకుంది, వేడి తెలిసింది గాని వాసన లేదు. సబ్బుకు లేదు, పర్వతాలు చొక్కాకు లేదు. వాసన కొంత తగ్గవచ్చు అని కాగితంలో రాసి ఉందని నర్సు చూపించింది. ఊళ్ళో కల్లు అమ్మేది అండాలే. కల్లు పట్టే మట్టి లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి ఏ చెట్టుదో చెప్పేది, ఎంతసేపట్లో పులుస్తుందో చెప్పేది.

"వాసనతోని నేనేం జేస్కుంట," అంది నర్సుతో. "మనిషి నడుస్తే సాలు." ఆ మాట నిజంగానే అంది.

ఆ కణాలు వెన్నులో నాటిన మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం పర్వతాలును ఒక యంత్రానికి తగిలించేవాళ్ళు. పై నుంచి వేలాడే తోలు పటకాలు అతన్ని నిలబెట్టి పట్టుకునేవి, రెండు ఇనప చేతులు కాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వేసేవి, కింద పట్టా పరిగెత్తేది. అరగంట తర్వాత దింపేసేవాళ్ళు. అతనికి అదంటే చిరాకు.

"గది నన్ను నడిపిస్తున్నది గాని నేన్నడుస్తలేనే," అనేవాడు. "నా పానం దాంట్ల లేదు."

మూడో వారంలో ఊరి నుంచి ఫోను వచ్చింది. గీత కార్మికుల సంఘం పెద్ద భిక్షపతి. మాటలో కఠినమేమీ లేదు, మొహమాటమే ఉంది. "అండాలక్కా, నీకెరికే గద. ఏడాది ఎక్కకపోతే చెట్లు పంపకంలకు పోతయ్, వేరేటోళ్ళకిస్తరు. దసరా ఎల్లినంక పంపకం. అన్న ఒక్కసారి ఎక్కి దిగి సూపిస్తె ఎవ్వడు నోరు తెరువడు." ఆ రాత్రి ఊరికి పోయే బస్సులో ఎవరో తెలిసినవాళ్ళుంటే కబురంపి మోకు తెప్పించింది అండాలు. కాళ్ళకు ప్రాణం వచ్చేసరికి అవి మోకు మరిచిపోయి ఉంటే ఎట్లా అన్నదే ఆమె భయం. చిన్నప్పుడు పర్వతాలుకు వాళ్ళ నాన్న నేర్పినట్టు ఇప్పుడు తాను నేర్పాలనుకుంది.

అయినా అడగకుండా చెయ్యలేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. వరండాలో చక్రపాణి ఫోను చెవికి పెట్టుకుని పోతుంటే ఎదురెళ్ళి నిలబడింది.

"సారూ, మిషిను గాకుంట మేం గూడ కాళ్ళు కదిలిస్తె ఏమన్నైతదా?"

అతను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఎంత కదిలిస్తే అంత మంచిదమ్మా," అని, భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఏ కదలిక, ఎట్లాంటి కదలిక అని అతను ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ లేదు.

ప్రయోగశాలలో పనిచేసే నుస్రత్ అనే అమ్మాయి ఒకరోజు అండాలును రక్తం ఇవ్వడానికి లోపలికి తీసుకుపోయింది. పాతికేళ్ళ పిల్ల, మెత్తగా మాట్లాడుతుంది. గోడ పొడుగునా ఎలుకల పంజరాలు. కొన్ని ఎలుకలు పరిగెత్తుతున్నాయి. ఒకటి మాత్రం పంజరం పైకప్పు జాలిని నాలుగు కాళ్ళతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. తిండి గిన్నె కింద ఉంది, దానివైపు చూస్తోంది గాని దిగడం లేదు.

"గిదేంది బిడ్డా, ఆకలైతె దిగదా?"

"అది జాలి మీదనే పెరిగిందమ్మా," అంది నుస్రత్. తొందరగా లేచి, పంజరం మీద గుడ్డ కప్పేసింది. అండాలు అక్కడి నుంచి వచ్చేసింది, ఎలుకను మరిచిపోయింది.

ఆరు వారాలు నిండిన రోజున గది నిండా జనం. పటకాలు విప్పి పర్వతాలును బల్ల మీద పడుకోబెట్టారు. "కాళ్ళు కదపండి," అన్నాడు చక్రపాణి.

పర్వతాలు కళ్ళు మూసుకున్నాడు. రెండు మోకాళ్ళూ ఒక్క ఊపున పొట్టలోకి ముడుచుకున్నాయి. పాదాలు రెండూ లోపలికి తిరిగి ఒకదానికొకటి ఎదురుగా నిలబడ్డాయి. మళ్ళీ రెండూ కలిసి చాచుకున్నాయి. గదిలో చప్పట్లు మోగాయి. అండాలు గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడాదిలో అంత సంతోషం ఆమెకు అదే.

"కుడి కాలు ఒక్కటే ఎత్తండి," అంది నుస్రత్.

రెండూ లేచాయి.

"ఎడమది."

రెండూ లేచాయి. పర్వతాలు నవ్వాడు. "జోడెడ్లోలె ఉన్నయ్ మేడం, విడిపోతలెవ్వు." అందరూ నవ్వారు. నుస్రత్ మొహం మాత్రం పాలిపోయింది. చక్రపాణి కాగితం మీద, సొంతంగా కాళ్ళు కదపగలుగుట అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేశాడు.

మర్నాడు ఒంటిగంట దాటాక నుస్రత్ చెప్పాపెట్టకుండా తలుపు తోసింది. స్తంభం, మోకు, పాదాల బందం, పాదాలు పట్టుకున్న అండాలు చేతులు, అన్నీ ఒక్కసారే కంట్లో పడ్డాయి. కోప్పడుతుందేమో అనుకుంది అండాలు. ఆ పిల్ల కోప్పడలేదు. "ఎన్ని రోజుల నుంచమ్మా?" అని మాత్రం అడిగింది. చెప్పింది. అప్పుడు నుస్రత్ ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరికి తీసుకుపోయింది, ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

"ఈ కణాలు ఒక్కసారే నేర్చుకుంటయి," అంది నుస్రత్. "మొదటి ఆరు వారాల్లో మనిషి మనసుపెట్టి ఏ పని చేస్తే, దానికే దారి వేస్తయి. తర్వాత గట్టిపడిపోతయి. నడక నేర్పితే నడక. ఎలుకలకు ఈత నేర్పితే ఈత ఒక్కటే వచ్చింది. జాలి ఎక్కడం నేర్పితే..." ఆగిపోయింది.

అండాలుకు గుడ్డ కప్పిన పంజరం గుర్తొచ్చింది.

"నడుస్తడా, నడువడా? గది చెప్పు."

"చెట్టు ఎక్కుతరు. నడవడం రాదమ్మా. నడకకు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పోవాలి. ఆయనకిక రెండూ కలిసే పోతయి."

"మల్ల నాటుండ్రి. నాకింకో పక్క ముక్కున్నది గద."

"వెన్నులో ఆ చోట మళ్ళీ కోస్తే ఉన్నది కూడా పోతుంది."

అండాలు ఆమె వైపు తిరిగింది. "గీ ముచ్చట ముందుగాల్నే తెల్సా మీకు?"

"తెలుసు. కాగితంలో ఒక పేజీ రాసిన. సార్ తీసేసిన్రు. ఆ పేజీ ఉంటే సర్కారు అనుమతి ఇంకో ఏడాది ఆగేది. తీసేసినంక నేను గూడ సంతకం పెట్టిన." ఆ పిల్ల ఏడుస్తోంది.

అండాలుకు ఆమెను కొట్టాలనిపించింది. తనను తాను కొట్టుకోవాలనిపించింది. ఆయన వెన్నులో ఉన్నవి తన కణాలే, వాటికి పాఠం చెప్పినవి తన చేతులే. రోజుకు ముప్ఫై రెండు సార్లు, ఒక్క చెట్టూ వదలకుండా, ఎంత శ్రద్ధగా చెప్పిందో. పరాయివాళ్ళ కణాలైతే ఇంత మాట వినకపోయేవేమో అని కూడా అనుకుంది. లేచి మొహం కడుక్కుని గదిలోకి పోయింది.

"ఏమన్నది మేడం? తిట్టిందా?" అన్నాడు పర్వతాలు.

"లే. మంచిగ కదుల్తున్నయన్నది."

"నడకెప్పుడొస్తదట?"

అండాలు మోకు చుట్ట చుట్టి సంచిలో పెడుతూ, "మెల్లమెల్లగ," అంది. రేపు చెప్పొచ్చులే అనుకుంది. ఊరికి పోయాక చెప్పొచ్చు, పంపకం అయ్యాక చెప్పొచ్చు, అలా అనుకుంటూనే ఉంది.

పంపకం నాడు సంఘం మనుషులంతా బావికాడి చెట్టు కింద చేరారు. పొలంగట్ల మీద చక్రాల కుర్చీ నడవదు. అండాలు మొగుణ్ణి వీపున వేసుకుని తెచ్చి చెట్టు మొదట్లో దింపింది. కొందరు తలలు తిప్పుకున్నారు. పర్వతాలు ఎల్లమ్మ తల్లిని తలచుకుని, మోకు చుట్టుకుని, పాదాలకు బందం వేసుకున్నాడు. మొద్దుకు పాదాలు తగలగానే కాళ్ళకు ఎక్కడలేని తెలివి వచ్చింది. కరుచుకున్నాయి, తన్నాయి, మళ్ళీ కరుచుకున్నాయి. మోకు ఎగిరింది. పడకముందు కన్నా వేగంగా ఎక్కాడని భిక్షపతి తర్వాత చెప్పాడు. పైన మట్టల్లో కూర్చుని కూత పెట్టాడు. కింద ఈలలు, కేకలు.

దిగాక భిక్షపతి మోకు విప్పి అతన్ని కౌగిలించుకున్నాడు. "చెట్లు నీయే అన్నా, ఇగ ఎవడేమంటడు?" అని వదిలాడు. వదలగానే పర్వతాలు రెండు కాళ్ళూ పొట్టలోకి ముడుచుకుని మట్టిలో పడ్డాడు. మొద్దు కోసం పాదాలు గాలిలో వెతుక్కున్నాయి. ఈలలు ఆగిపోయాయి.

"కొత్త గద," అన్నాడు పర్వతాలే ముందుగా, మట్టి దులుపుకుంటూ. "నడక గూడ వస్తది. ఇంకో నెల."

అందరూ ఔనౌనన్నారు. అండాలు వంగి అతన్ని వీపు మీదికి ఎత్తుకుంది.

ఆ రోజు నుంచి అదే వాళ్ళ పని. పొద్దున్నే ఇంటి నుంచి బావికాడి చెట్టుకు, అక్కడి నుంచి జంటలకు, జంటల నుంచి వంకరదానికి. ప్రతి చెట్టు మొదట్లో ఆమె అతన్ని దింపుతుంది, అతను రాజాలాగా పైకి పోతాడు. ఎదురుచూస్తుంది. దిగగానే మళ్ళీ వీపు. ఏడాది మంచాన పడి తేలికయ్యాడు గాని, పన్నెండో చెట్టుకు వచ్చేసరికి ఆ తేలికా బరువే. లొట్టి దించి ఇస్తే అలవాటుకొద్దీ మూతి దగ్గర ముక్కు పెట్టేది, ఏమీ తెలియక పక్కన పెట్టేది. కింద ఉన్నంతసేపూ పర్వతాలుకు మాట తక్కువ. అందుకే పైన ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక్కోనాడు సద్ది కూడా తాడు కట్టి పైకి పంపమనేవాడు.

పంపకం అయిన మూడో నెలలో చక్రపాణి రెండు కార్లలో దిగాడు. కెమెరా మనుషులు, గాలిలో ఎగిరే కెమెరా, ఫైళ్ళు పట్టుకుని నుస్రత్. అప్పటికే పర్వతాలును చెట్టు మొదట్లో దింపేసింది అండాలు. అక్కడి నుంచే తీశారు. ఎగిరే కెమెరా అతనితో పాటు పైకి పోయింది, మట్టల్లో అతని నవ్వు తీసింది, పచ్చటి పొలాలు తీసింది. నడుము కింద ప్రాణం లేదన్న మనిషి నలభై అడుగుల తాటిచెట్టు ఎక్కాడు. చూసినవాడికి ఒళ్ళు పులకరించకుండా ఎలా ఉంటుంది?

"చాలు, అద్భుతం," అన్నాడు చక్రపాణి. కెమెరాలు సర్దడం మొదలుపెట్టారు.

"సారూ, దిగినంక గూడ తియ్యిండ్రి," అంది అండాలు.

"వెలుతురు సరిపోదమ్మా." పది గంటల ఎండ నెత్తి మాడుస్తోంది.

ఆమె అతనికి అడ్డంగా నిలబడింది. గొంతు పెంచలేదు, పైనున్నవాడికి వినపడకూడదు. "సోమారం ఇంకా పన్నెండు మందికి నాటుతున్రట. ఒక్కసారే నేర్సుకుంటయని వాళ్ళకన్న చెప్పిండ్రా?"

చక్రపాణి నుస్రత్ వైపు చూశాడు. నుస్రత్ నేల చూసింది. అతనికి కోపం రాలేదు, అదే అండాలు తర్వాత మరిచిపోలేకపోయింది. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

"ఇందాక మీ ఆయన నాతో ఏమన్నాడో తెలుసా? ఇంకో నెలలో నడుస్తాను సార్, అప్పుడు మళ్ళీ రండి అన్నాడు." కాస్త ఆగాడు. "మీరు చెప్పలేదామ్మా?"

అండాలు చెట్టు పైకి చూసింది.

"చూశారా. మీరొక్కరికి చెప్పలేకపోయారు. నేను పన్నెండు మందికి చెప్పాలి," అన్నాడు చక్రపాణి. భుజం తట్టాడు, ఆ రోజు వరండాలో తట్టినట్టే. గట్టు దిగి అందరూ బండ్ల బాటలో ఆపిన కార్లెక్కారు. నుస్రత్ వెనక అద్దంలోంచి చూస్తూనే ఉంది, కానీ చూస్తే ఎవరికి ఏం లాభం?

అతను చెప్పినదాంట్లో ఎక్కడో పెద్ద తప్పుందని అండాలుకు తెలుసు. తాను చెప్పనిది అయిపోయినదాని గురించి, అతను చెప్పనిది ఇంకా కానిదాని గురించి. ఆ తేడా నోటికొచ్చేసరికి కార్లు రోడ్డెక్కాయి. పరిగెత్తి అడుగుదామంటే, పైనుంచి మోకు చప్పుడు దిగి వస్తోంది.

పర్వతాలు దిగాడు. మొహం వెలిగిపోతోంది. ఆమె వంగింది, అతను మెడ చుట్టూ చేతులు వేశాడు. కాళ్ళు రెండూ కలిసి ఆమె నడుమును గట్టిగా కరుచుకున్నాయి. పైన ఒక గుక్క తాగినట్టున్నాడు, ఊపిరి వెచ్చగా చెంపకు తగులుతోంది. వాసన ఉండే ఉంటుంది.

"అండాలు."

"ఊఁ."

"వచ్చే ఎండకాలం వరకు నడుస్త సూడు. నీ ఈపుకు తిప్పలు తప్పుతయ్. నడుస్త గద?"

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడు చెప్తే ఆ పెద్దమనిషి నోరు మూయించినట్టు కూడా అవుతుంది. గట్టు మీద నాలుగు అడుగులు వేసింది. వీపు మీద అతని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది.

"నడుస్తవయ్యా," అంది. "ఎంత కదిలిస్తె అంత మంచిదన్నరు."

అన్నాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది.

"ఏమైందే, బరువైన్నా?" అన్నాడు పర్వతాలు.

"లే," అని నడిచింది. ఇంకా ఇరవై ఆరు చెట్లు ఉన్నాయి.